స్లేటు దొర ఆదివారం

మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. నేను, మా ఆయన అబ్రహాం, మా అమ్మాయి నవోమి, ఎనభై ఏళ్ళ కిందట చనిపోయిన ఒక ఇంగ్లీషు దొర. అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో మాది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు. ఒక గది మాది, ఒక గది అమ్మాయిది. డైనింగ్ టేబుల్ దొరది. ఆయన కాగితాలు దాని మీద పరుచుకుని ఉండేవి కాబట్టి తొమ్మిదేళ్ళ పాటు మేము సోఫాలో కూర్చుని, ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని అన్నం తిన్నాం.

దొర పేరు రెవరెండ్ సి. ఎఫ్. విన్‌స్లేడ్. బందరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక స్లేటు దొర అన్నారు. మిషనరీగా మా వైపు రాకముందు ఆయన ఇంగ్లండులో క్రికెట్ ఆడాడు. అమెచ్యూర్‌గా ఆడాడు. ఈ ముక్క ఎవరికి చెప్పినా మా ఆయన ఇక్కడ కాసేపు ఆగి వివరించేవారు. విక్టోరియా రాణి కాలంలో డబ్బు తీసుకుని ఆడేవాడు ప్రొఫెషనల్, తీసుకోకుండా ఆడేవాడు అమెచ్యూర్, అంటే జెంటిల్‌మన్. స్కోర్‌కార్డు మీద జెంటిల్‌మన్ పేరు ముందు మిస్టర్ అని అచ్చు వేసేవారు. ప్రొఫెషనల్‌కి ఉత్త పేరే. మైదానంలోకి దిగడానికి కూడా ఇద్దరికీ వేరే వేరే గేట్లు. ఇదంతా ఏదో గొప్ప నాగరికత అన్నట్టు చెప్పేవారు. మా ఊళ్ళో నూతి దగ్గర కూడా ఇలాంటి ఏర్పాటే ఉండేదని నేను ఒకసారి అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ లెక్కన మా ఇంట్లో నేను ప్రొఫెషనల్‌ని. నర్సులు కావాలని అమెరికా అడిగితే డెబ్భై నాలుగులో వచ్చాను. మరుసటి ఏడు చంటిపిల్లను ఎత్తుకుని ఆయన వచ్చారు. బందరులో కాలేజీలో హిస్టరీ లెక్చరర్. ఇక్కడ ఒక మందుల కంపెనీ గోడౌన్లో పెట్టెల మీద లేబుళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం. దాని గురించి ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. సాయంత్రం వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టేబుల్ దగ్గర దొర జీవిత చరిత్ర రాసుకునేవారు. చొక్కా ఎందుకండీ ఇంట్లోనే కదా అంటే, హిస్టరీ బనియన్ మీద రాయరు అన్నారు. రాసింది టైప్ చేసేది నేనే. నాకు మిస్టర్ లేదు.

అసలు దొర మాకెందుకంటారా? మా సంఘమంతా ఆయన చెప్పిన ఒక్క కథ మీద నిలబడి ఉంది. ఆ కథ ఇది. 1878 ఆగస్టులో రెండు జిల్లాల మధ్య మూడు రోజుల మ్యాచ్. చివరి రోజు, చివరి జత ఆడుతోంది. గెలవడానికి ఇంకా తొమ్మిది పరుగులు కావాలి. బంతి దొర బ్యాటు అంచుకి తగిలి వెనక ఉన్న కీపర్ చేతుల్లో పడింది. అంటే దొర అవుట్. కానీ తగిలిన సంగతి ఆయనొక్కడికే తెలుసు. అంపైర్ నాటౌట్ అన్నాడు. దొర టోపీ తీసి, "తగిలిందండీ, నేను అవుట్" అని చెప్పి, ఎవరూ పొమ్మనకుండానే నడిచి వెళ్ళిపోయాడు. ఆయన జిల్లా ఓడిపోయింది.

మా పల్లెకి వచ్చాక ప్రతి ఆగస్టులోనూ దొర ఈ కథ చెప్పేవాడట. మా వాళ్ళకి బ్యాటు తెలియదు, వికెట్టు తెలియదు. ఎవరూ అడక్కుండా, తనకి నష్టమని తెలిసీ నిజం చెప్పిన మనిషి మాత్రం అర్థమయ్యాడు. అలాంటి మనిషిని అంతకుముందు వాళ్ళు చూసి ఉండరు. నలభై కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. దొర తొమ్మిదేళ్ళు ఉన్నా, గుర్రాన్ని తిట్టడానికి సరిపడా తెలుగు మాత్రమే వచ్చింది. అందుకని ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే పక్కన నిలబడి తెలుగులో చెప్పినవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పేతురు. ఆ పేతురు మా ఆయన తాత. తర్వాత ఉపదేశి అయి, ఎనభై దాటేదాకా బతికాడు. బందరులో ఆయన సమాధి మీద 'నమ్మకమైన నోరు' అని చెక్కించారు. మా మామగారు పోయేముందు కూడా, "మా నాన్న దొర మాటల్లో ఒక్కటి మార్చలేదు" అనే అన్నారు.

ఆ నలభై కుటుంబాల మనవలూ మునిమనవలూ కొంతమంది న్యూజెర్సీలో తేలారు. నర్సులం, డాక్టర్లు, ఇంజనీర్లు. డెబ్భై ఆరులో తెలుగు సహవాసం పెట్టుకున్నాం. ఒక అమెరికన్ చర్చివాళ్ళు వాళ్ళ హాలు ఆదివారం మూడింటికి మాకు ఇచ్చారు. ఆగస్టు రెండో ఆదివారం మాకు స్లేటు దొర ఆదివారం. ముందు కుర్చీలో దొర ఫోటో పెడతాం. కొడుకు దగ్గర ఉండే మణి పెద్దమ్మగారు పెరట్లో తాను పెంచిన బంతిపూలు గుచ్చి ఫోటోకి దండ వేస్తారు. మా ఆయన కథ చెబుతారు. హాలు ఇచ్చిన పాస్టర్ రెవరెండ్ కార్ల్‌సన్ ఆ ఒక్క రోజు తప్పకుండా వస్తాడు. కథ కోసం వస్తాడో చికెన్ పలావు కోసం వస్తాడో నాకు తెలియదు. ఆయన కోసం మా ఆయన పక్కన నిలబడి ఇంగ్లీషులో తర్జుమా చేసేది నేను.

తర్జుమా నాకు కొత్త కాదు. హాస్పిటల్‌లో తెలుగు పేషెంటు వస్తే నన్నే పిలుస్తారు. డాక్టర్ ఒక మాట అంటాడు, పేషెంటు కొడుకు నన్ను పక్కకి పిలిచి, "సిస్టర్, నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పకండి, అల్సర్ అని చెప్పండి, ప్లీజ్" అంటాడు. నేను చెప్పను. అన్నది అన్నట్టు చెప్పడమే నా పని, కలపకూడదు, తియ్యకూడదు. ఈ పద్ధతి వల్ల నాకు చాలామంది కొడుకులు శత్రువులయ్యారు.

పుస్తకం డెబ్భై ఏడులో మొదలైంది. ఎనభై ఒకటికల్లా ఆరు అధ్యాయాలు అయ్యాయి. దొర పుట్టుక, చదువు, జిల్లా తరఫున ఆడిన పదకొండు మ్యాచ్‌లు, అమెచ్యూర్ల జట్టుతో ఫిలడెల్ఫియా వచ్చి ఆడి వెళ్ళడం, అన్నీ అయ్యాయి. ఏడో అధ్యాయం ఆ మ్యాచ్. అక్కడ బండి ఆగిపోయింది. రోజూ చొక్కా వేసుకుని కూర్చుంటారు, పెన్సిలు చెక్కుకుంటారు, మొదటి అధ్యాయంలో కామాలు సరిచేస్తారు. ఏడోది ఎప్పుడండీ అంటే, "మెటీరియల్ ఇంకా రావాలి వసంతా" అంటారు. ఐదేళ్ళు అదే జవాబు.

ఒక రోజు టిఫిన్ దగ్గర నవోమి అడిగింది. దానికి పదమూడేళ్ళు, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేది.

"డాడీ, అంపైర్ సేఫ్ అన్నాడు కదా? మరి స్లేట్ అంకుల్ ఎందుకు వెళ్ళాడు? మా కోచ్ అయితే కిల్ చేస్తాడు."

మామూలుగా అయితే దీనికి నలభై నిమిషాల జవాబు రావాలి. మా ఆయన ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టి, బస్సుకి టైమయింది అని వెళ్ళిపోయారు. బస్సుకి ఇంకా అరగంట ఉంది. ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఎనభై ఆరు ఏప్రిల్లో నర్సుల సెమినార్ అని నన్ను ఫిలడెల్ఫియా పంపించారు. మధ్యాహ్నంతో అయిపోయింది. ఆ ఊరి పక్కన పాత క్రికెట్ క్లబ్బు ఒకటి ఉందనీ, వెనకటి ఇంగ్లీషు పత్రికలు అక్కడ దాచారనీ మా ఆయన పుస్తకం నాలుగో అధ్యాయంలో నేనే టైప్ చేశాను. వెళ్ళి ఆ మెటీరియల్ ఏదో నేనే తెస్తే పోలా అనిపించింది. డైనింగ్ టేబుల్ మీద అన్నం తినాలనే ఆశ కూడా ఉంది, అబద్ధం చెప్పను.

టై కట్టుకున్న ముసలాయన తలుపు తీశాడు. విన్‌స్లేడ్ పేరు చెప్పగానే ముఖం వెలిగిపోయింది. ఆ పేరు అడిగినవాళ్ళలో నేను రెండో మనిషినట. సంతకం పెట్టమని రిజిస్టర్ ఇచ్చాడు. మొదటి మనిషి ఎవరా అని పేజీలు వెనక్కి తిప్పాను. అక్కడికి ఎక్కువమంది రారు కాబట్టి ఐదేళ్ళు నాలుగు పేజీల్లో అయిపోయాయి. 1981 అక్టోబర్ 17. పి. అబ్రహాం, ఎడిసన్, న్యూజెర్సీ. చూసినవి, ఒక స్కోర్‌బుక్కు, ఒక క్లబ్బు పత్రిక.

ఆ రోజు నాకు బాగా గుర్తు. పన్ను నొప్పి, డెంటిస్టు దగ్గరికి వెళ్తున్నానన్నారు. సాయంత్రం వచ్చి అన్నం తినలేకపోయారు. నేను జావ కాచి ఇచ్చాను. రెండు రోజులు ఇచ్చాను.

ముసలాయన అవే రెండు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాడు. స్కోర్‌బుక్కులో ఉంది. మిస్టర్ సి. ఎఫ్. విన్‌స్లేడ్, నాటౌట్, ఇరవై మూడు. ఆయన జిల్లా ఒక్క వికెట్టు తేడాతో గెలిచింది. పక్కన అప్పటి పేపరు ముక్క అంటించి ఉంది. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు టీ తాగుతున్న ఆడవాళ్ళకి కూడా వినిపించిందట. అంపైర్ ఒకప్పటి ప్రొఫెషనల్, ముసలితనంలో ఆ జెంటిల్‌మన్ల దయ మీద బతుకుతున్నవాడు. తన బూట్ల వైపు చూసుకుని నాటౌట్ అన్నాడట. మిస్టర్ విన్‌స్లేడ్ కదలకుండా నిలబడి, తర్వాత మిగతా పరుగులు కొట్టాడు.

నాకు ముందు దొర మీద కోపం రాలేదు. జావ మీద వచ్చింది.

రెండోది క్లబ్బు పత్రిక, 1891ది. ఫిలడెల్ఫియాలో తనకి ఆతిథ్యం ఇచ్చిన స్నేహితుడికి దొర మా పల్లె నుంచి రాసిన ఉత్తరం అందులో అచ్చు వేశారు. వానలు, జ్వరాలు, గుర్రం సంగతి రాసి, చివర ఇలా రాశాడు. "ఆ మ్యాచ్‌లో నేను చేసిన పాపం నీకు తెలుసు. ప్రతి ఆగస్టులోనూ ఇక్కడి వాళ్ళ ముందు నిలబడి దాన్ని ఒప్పుకుంటున్నాను. అవుటని తెలిసీ వెళ్ళలేదని, అబద్ధంతో గెలిచానని చెబుతాను. పేతురు అనే నమ్మకమైన కుర్రాడు నా మాటలు వాళ్ళ భాషలో చెబుతాడు. వింటూ వీళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. తర్వాత నా మెడలో పసుప్పచ్చ పూలదండ వేస్తారు. క్షమించడం వీళ్ళకి తెలిసినట్టు మన దేశంలో ఎవరికీ తెలియదు."

ఆ పేజీ రెండుసార్లు చదివాను. దొర ఏటేటా తప్పు ఒప్పుకున్నాడు. పేతురు ఏటేటా దాన్ని తిరగేసి చెప్పాడు. పల్లె మొత్తం ఆయన నిజాయితీకి మురిసిపోయి దండ వేసింది. ఆయన తనని క్షమించారనుకుని వేయించుకున్నాడు. ఇలా తొమ్మిది ఆగస్టులు.

రైల్లో మా స్టేషను మెట్రోపార్క్ దాకా ఒకటే ఆలోచన. ఏడో అధ్యాయం ఎందుకు ఆగిందో తెలిసింది. దొర అబద్ధం ఒక్కటే అయితే మా ఆయన రాసేసేవారే, హిస్టరీ మనిషి. కానీ అది రాస్తే సమాధి మీద అక్షరాలు చెరిపెయ్యాలి. నలభై కుటుంబాల ముందు తాతని నిలబెట్టాలి. అది ఆయన వల్ల కాలేదు. పాపం అనిపించింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఎనభై ఒకటి తర్వాత, స్లేటు దొర ఆదివారం నాడు 'నేను అవుట్' అనే మాట దగ్గరికి రాగానే మా ఆయన ఆగి గ్లాసుడు మంచినీళ్ళు తాగేవారు. ఆగస్టు ఎండ కదా అనుకునేదాన్ని. హాల్లో ఏసీ ఉంది.

ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. తానే చెబుతారని అవకాశాలు ఇచ్చాను.

"పన్ను ఎలా ఉందండీ?"

"ఏ పన్ను?"

"ఏదో ఒక పన్ను."

"బాగానే ఉంది. ఎందుకు?"

"ఊరికే."

జులైలో మా పాస్టరుగారు ఆమోసు అయ్యగారు ఇంటికి వచ్చారు. మనిషి మంచివాడు, పనులు తొందరగా అయిపోవాలంటాడు. సహవాసానికి పదేళ్ళు నిండుతున్నాయి, పుస్తకం అచ్చు వేయించడానికి అంతా సిద్ధం, ఏడో అధ్యాయమే అడ్డం.

"బ్రదర్ అబ్రహాం, మీరు రాయడానికి ఎందుకింత కష్టపడతారు? వచ్చే నెల స్లేటు దొర ఆదివారం నాడు స్టోరీ మీరు ఎలాగూ చెప్తారు కదా. నేను టేప్ రికార్డర్ పెడతాను. క్యాసెట్ విని సిస్టర్ టైప్ చేసేస్తారు. అదే సెవెన్త్ చాప్టర్. మండే ప్రింటర్‌కి ఇచ్చేద్దాం."

మా ఆయన నా వైపు చూశారు. నేను అయ్యగారికి టీ పోశాను.

"అలాగే అయ్యగారూ," అన్నారు.

అంటే ఆ ఆదివారం నోటితో ఏది చెబితే అది అచ్చవుతుంది. మా పిల్లలు చదువుతారు, వాళ్ళ పిల్లలు చదువుతారు. ఇంతకాలం రాయలేదు కాబట్టి ఆయన అబద్ధం రాయలేదు. ఇక ఆ సందు కూడా మూసుకుపోయింది. ఆ నెల రోజులూ ఆయన సరిగా తినలేదు. నేను జావ కాచలేదు.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. కనెక్టికట్ నుంచి కూడా వచ్చారు. కీర్తనలయ్యాయి. కుర్చీలో దొర ఫోటో, దాని ముందు టేప్ రికార్డర్. మణి పెద్దమ్మగారు బంతిపూల దండ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. దండ కథ అయ్యాకే వేస్తారు, అదీ మా పద్ధతి. ఆవిడ పక్కన రెవరెండ్ కార్ల్‌సన్. మా ఆయన సూటులో నిలబడ్డారు, పక్కన నేను చీరలో. అయ్యగారు టేప్ బటన్ నొక్కి తల ఊపారు.

మా ఆయన బాగా చెప్పారు. రెండు గేట్లు చెప్పారు, మిస్టర్ అచ్చు వెయ్యడం చెప్పారు. ఒక్కో వాక్యం ఆయన తెలుగులో, వెనకాలే నేను ఇంగ్లీషులో. చివరి రోజు వచ్చింది. తొమ్మిది పరుగులు వచ్చాయి. బంతి బ్యాటుకి తగిలింది. కీపర్ పట్టాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు.

మా ఆయన ఆగి మంచినీళ్ళు తాగారు. మొత్తం గ్లాసు తాగారు. చెబుతారు, ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"విన్‌స్లేడ్ దొర టోపీ తీసి, 'నేను అవుట్' అని చెప్పి, నడిచి వెళ్ళిపోయాడు."

నా వంతు. ముందుగా అనుకుని చేసింది కాదు. నోరు తెరిచాను, అది బయటికి వచ్చింది.

"హి న్యూ హి వజ్ అవుట్," అన్నాను. "హి డిడ్ నాట్ గో."

రెవరెండ్ కార్ల్‌సన్ ఒక్కడే తల ఊపాడు. ఆయనకి తెలుగు రాదు. పోయిన ఏడాది విన్న కథ కూడా గుర్తుండి ఉండదు. మిగతా హాలుకి రెండు భాషలూ వచ్చు. టేపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. నవోమి నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. ఆమోసు అయ్యగారు, "సిస్టర్, కొంచెం పొరపాటు..." అంటూ లేచారు.

నా సర్వీసు మొత్తంలో అన్నదొకటైతే నేను ఇంకొకటి చెప్పింది అదొక్కసారే. ఇంటికి వెళ్ళాక ఈయన ఇక నాతో మాట్లాడరు, వారం కాదు, జన్మలో మాట్లాడరు అనుకున్నాను. మా ఆయన నా వైపు తిరిగారు.

"మీరు కూర్చోండి అయ్యగారూ," అన్నారు. "తర్జుమా సరిగానే ఉంది. తప్పు నేను చెప్పిన తెలుగులో ఉంది."

తర్వాత చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని మొత్తం చెప్పారు. స్కోర్‌బుక్కు, పేపరు ముక్క, ఉత్తరం. 1981 అక్టోబర్ 17న చూశానని చెప్పారు. డెంటిస్టు సంగతి కూడా చెప్పారు, అది అవసరం లేదు. నేను వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులో చెబుతూ పోయాను. కలపలేదు, తియ్యలేదు.

"ఆ అంపైర్ దొరల జీతగాడు," అన్నారు మా ఆయన. "చప్పుడు విన్నాడు, కానీ దొరని అవుట్ ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు. మా తాత కూడా జీతగాడే. పద్దెనిమిదేళ్ళవాడు. నెలకి మూడు రూపాయలు. దొర అబద్ధం ఆడాడని ఆ పల్లెలో తన నోటితో ఎలా అంటాడు? ఆయన కూడా నాటౌటే ఇచ్చాడు. నన్ను ఎవరూ జీతానికి పెట్టుకోలేదు. నేను అమెచ్యూర్‌ని. నాకు ఆ సాకు కూడా లేదు. నాకు భయమేసింది, అంతే. ఐదు ఆగస్టులు మీ ముందు ఇక్కడే నిలబడి, తెలిసి తెలిసి అదే కథ చెప్పాను. నన్ను క్షమించండి."

ఆ చివరి మాట నేను ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది.

ఆయన ప్రసంగం అయిపోయిందని కుర్చీలో కూర్చోలేదు. దిగి నడుచుకుంటూ వెళ్ళి వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. ఎవరూ పొమ్మనలేదు. ఆమోసు అయ్యగారు టేప్ ఆపాలా వద్దా అని వేలు బటన్ మీద పెట్టి అలాగే ఉండిపోయారు. ఎవరో కుర్చీ జరిపారు. వెనక వరసలో ఒకాయన, "మరి మనం దేన్ని నమ్మినట్టు?" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

అప్పుడు మణి పెద్దమ్మగారు లేచారు. ఆవిడకి డెబ్భై దాటాయి. దొర చేతుల మీద బాప్తిస్మం తీసుకున్న నలభై కుటుంబాల్లో ఆవిడ నాయనమ్మది ఒకటి. ప్లాస్టిక్ సంచిలోంచి దండ తీశారు.

"ఒరే అబ్రహామూ," అన్నారు వెనక్కి తిరిగి. "అయితే ఆ దొర మా నాయనమ్మ వాళ్ళ ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడంటావు."

"అవును పెద్దమ్మా."

"ప్రతి ఏడూ."

"ప్రతి ఏడూ."

"ఎవరూ వినలేదు."

"మా తాత విన్నాడు."

అందరం ఆవిడ చేతిలో దండ వైపే చూస్తున్నాం. దాన్ని తిరిగి సంచిలో పెట్టేస్తే ఆ రోజుతో స్లేటు దొర ఆదివారం ఆఖరు. మా ఆయన తొమ్మిదేళ్ళ పని కూడా ఆఖరు.

"నీ సంగతి వచ్చే ఏడు చూద్దాంలే," అన్నారు ఆవిడ. "ముందు పుస్తకం పూర్తి చెయ్యి. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయి. మీ తాత సంగతి కూడా రాయి. మా నాయనమ్మ బంతిపూలు గుచ్చేదని కూడా రాయి."

తర్వాత ఫోటో దగ్గరికి వెళ్ళారు. ఎప్పుడూ దండ వేసి, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేస్తారు. ఆ రోజు ముందు కొంగుతో అద్దం తుడిచారు. దండ వేసి, సరిచేసి, పక్కింటి పిల్లవాడితో మాట్లాడినట్టు దొర ముఖంలోకి చూశారు.

"పోన్లే బాబూ," అన్నారు. "అయిపోయింది కదా. పోన్లే."

ఆవిడ ఏమన్నారో చెప్పమని రెవరెండ్ కార్ల్‌సన్ నా వైపు చూశాడు. నేను తర్జుమా చెయ్యలేదు.